70 దాటినవాళ్లకు యాంటీబయాటిక్ డోసు: క్రియాటినిన్ 'నార్మల్' ఉంటే సరిపోతదా?

హన్మకొండ_ఫార్మసిస్ట్
చీటీలల్ల ఒకటే తీరు మళ్ల మళ్ల కనబడుతున్నది, అందుకే ఇక్కడ పెడుతున్న. లెక్క కోసం ఒక మనిషిని అనుకుందాం. ఆడమనిషి, 76 ఏండ్లు, 42 కిలోలు, ఎత్తు 148 సెంటీమీటర్లు. మూత్రంల మంట, చలిజ్వరం, నడుముకు ఒకపక్క నొప్పి. క్రియాటినిన్ (కిడ్నీ పని తెలుసుకునే రక్తపరీక్ష) 1.0, రిపోర్టుల దాని పక్కన నార్మల్ రేంజే ఉంటది. రాసింది లివోఫ్లాక్సాసిన్ 750, రోజుకొకటి, 7 రోజులు. ముందు నుంచి వాడుతున్నయి బీపీకి టెల్మిసార్టన్, షుగర్‌కు గ్లిమిపిరైడ్, మోకాళ్లకు డైక్లోఫెనాక్.

కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క 1976 నుంచి ఉన్నదే, కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతదో చెప్పే అంచనా. 140 లకెల్లి వయసు తీసెయ్యాలె, బరువుతోని గుణించాలె. వచ్చినదాన్ని 72 ఇంటు క్రియాటినిన్‌తోని భాగించాలె. ఆడవాళ్లకు 0.85తోని గుణించాలె. ఈమెకు 64 × 42 = 2688, 72తోని భాగిస్తే 37, 0.85 వేస్తే 32కు కొంచెం తక్కువ. అదే 1.0 క్రియాటినిన్ 30 ఏండ్ల, 65 కిలోల మొగాయనకు ఉంటే 99 వస్తది. కాగితం మీద అంకె ఒకటే, కిడ్నీ పని మూడోవంతు.

32 ఉన్నప్పుడు లివో 750 అయితే 48 గంటలకు ఒకటి. 500 లెక్కన పోతే మొదటిరోజు 500, రెండోరోజు నుంచి 250. రోజూ 750 ఇస్తే పాత డోసు బయటికి పోకముందే కొత్తది మీద పడుతది. ఈ లెక్క చీటీ రాసేకాడ ఎంతమంది కడుతున్నరు?

మెడిసిన్_కరీంనగర్
మంచి ఉదాహరణ. ముందు ఆ 1.0 ఎందుకు మోసం చేస్తుందో చెప్తాను, మిగతాది అందులోంచే వస్తుంది. క్రియాటినిన్ కండరం నుంచి పుడుతుంది, కిడ్నీ నుంచి బయటికి పోతుంది. వయసుతో కండరం తగ్గుతుంది కాబట్టి పుట్టేదే తక్కువ. కిడ్నీ వడకట్టడమూ తగ్గుతుంది కాబట్టి పోయేదీ తక్కువ. రెండూ కలిసి తగ్గితే రక్తంలో అంకె కదలదు. పొలం పని మానేసి ఏళ్లు గడిచిన, బక్కచిక్కిన మనిషిలో 1.0 అంటే అది మంచి కిడ్నీ గుర్తు కాదు.

శరీరంలో ఇంకా మారేవి ఉన్నాయి. యువకుల్లో బరువులో దాదాపు 60 శాతం నీరు, వృద్ధుల్లో అది 50 దగ్గరికి వస్తుంది, కొవ్వు వాటా పెరుగుతుంది. నీళ్లలో కరిగి నీళ్లలోనే తిరిగే జెంటామైసిన్, అమికాసిన్, పెనిసిలిన్ జాతి మందులకు చోటు ఇరుకవుతుంది. కాలేయం పరిమాణం, దానికి వెళ్లే రక్తం రెండూ తగ్గుతాయి. తిండి సరిగా లేనివాళ్లలో అల్బుమిన్ పడిపోతుంది, అప్పుడు సెఫ్ట్రియాక్సోన్, ఎర్టాపెనెమ్ లాంటి ప్రోటీన్‌ను అంటిపెట్టుకునే మందుల్లో విడిగా తిరిగే భాగం పెరుగుతుంది. వీటన్నిటిలో డోసును ఎక్కువసార్లు మార్చేది మాత్రం కిడ్నీయే.

ల్యాబ్_జగిత్యాల
ల్యాబ్ వైపు నుంచి రెండు మాటలు. ఇప్పుడు చాలాచోట్ల క్రియాటినిన్ కింద ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడకట్టే వేగం అంచనా) కూడా అచ్చయి వస్తుంది. ఫార్మసిస్ట్ అన్న చెప్పిన మనిషికి 2021 సీకేడీ-ఎపి సూత్రంతో అది 58 వస్తుంది. చీటీ రాసేవాళ్లు 58 చూసి "50 దాటింది కదా" అని పూర్తి డోసు రాస్తారు. ఆ 58 అనేది 1.73 చదరపు మీటర్ల ఒంటికి సర్దిన అంకె. 42 కిలోలు, 148 సెంటీమీటర్ల మనిషి ఒంటి వైశాల్యం 1.31 మాత్రమే. 58ని 1.31తో గుణించి 1.73తో భాగిస్తే 44.

రెండోది, పరీక్ష చేసే పద్ధతి. జాఫే పద్ధతిలో కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్లు (సెఫాక్సిటిన్ లాంటివి) క్రియాటినిన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. షుగర్ బాగా పెరిగి కీటోన్లు వచ్చిన మనిషిలో అంకె అనుమానంగా ఉంటే ఎంజైమ్ పద్ధతిలో మళ్లీ అడగండి. ట్రైమెథోప్రిమ్ కూడా క్రియాటినిన్ పెంచుతుంది, అయితే అది పరీక్ష తప్పు కాదు. కిడ్నీ నాళికలోంచి క్రియాటినిన్ బయటికి పోవడాన్ని ఆ మందు అడ్డుకుంటుంది, అంతే.

నెఫ్రో_వరంగల్
58, 44, 32. ఒకే మనిషికి మూడు అంకెలు. ఏది పట్టుకోవాలి? యాంటీబయాటిక్ డోసు పట్టికల్లో ఎక్కువ భాగం కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క మీద తయారైనవే, కాబట్టి పట్టికతో పోల్చేటప్పుడు అదే వాడండి. బక్కగా ఉన్న వృద్ధుల్లో అది కొంచెం తక్కువ చూపిస్తుందన్నది నిజమే. 32కూ 44కూ మధ్య మందు మారకపోతే గొడవే లేదు. లివోఫ్లాక్సాసిన్ పట్టికలో 20 నుంచి 49 దాకా ఒకే మెట్టు, రెండు అంకెలూ అందులోనే పడతాయి. 58 అనుకుంటేనే తప్పు జరుగుతుంది.

కొందరు క్రియాటినిన్ 0.5 ఉంటే దాన్ని 0.8కో 1.0కో పెంచి లెక్క కడతారు. నేను ఒప్పుకోను. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో అలా చేస్తే డోసు అవసరానికంటే తగ్గిపోతుంది. ఉన్న అంకె వేయండి, మనిషిని చూసి నిర్ణయించండి.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఈ సూత్రాలన్నీ క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. మే నెలలో, 44 డిగ్రీల ఎండలో, రెండు రోజులు జ్వరం, విరేచనాలు, తిండి లేదు. పైన టెల్మిసార్టన్, నీటిగోలి (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది), నొప్పిగోలి. కిడ్నీ ఈరోజు పొద్దున దెబ్బతింటే క్రియాటినిన్ పెరగడం రేపో ఎల్లుండో కనబడుతుంది. అప్పటిదాకా మూత్రమే కొలత. కిలోకు గంటకు అర మిల్లీలీటర్, అంటే 42 కిలోల మనిషికి రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు. అంతకంటే తగ్గితే ఏ సూత్రం ఏం చెప్పినా నమ్మొద్దు.

వయసు పెరిగిన ప్రతి ఒక్కరి కిడ్నీ ఒకే వేగంతో తగ్గదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కొందరిలో 80లోనూ బాగానే ఉంటుంది. అందుకే లెక్క కట్టమంటున్నాను, వయసు చూసి తగ్గించమనడం లేదు.

ములుగు_పీహెచ్‌సీ
సార్, ఊర్లల్ల ఆర్‌ఎంపీలు ఈ మాట అర్థం చేసుకునేది వేరే తీరుగ ఉన్నది. "ముసలి పాణం, సగం డోసు చాలు" అంటరు. 76 ఏండ్లామెకు అమికాసిన్ 250 పొద్దున, 250 సాయంత్రం, 5 రోజులు. తక్కువే ఇస్తున్నం కదా అని ధైర్యం. అది తప్పని చెప్పడానికి ఒక్క ముక్కల ఏం చెప్పాలె?

మెడిసిన్_కరీంనగర్
ఒక్క ముక్కలో: మొదటి డోసును కిడ్నీ నిర్ణయించదు, ఒంట్లో మందు పరుచుకునే చోటు నిర్ణయిస్తుంది. కిడ్నీ నిర్ణయించేది రెండో డోసు ఎప్పుడన్నది.

కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ప్రాణాలు పోతాయి. ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా దెబ్బతినే స్థితి సెప్సిస్. సెప్సిస్‌లో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారుతుంది, పైన మనం సెలైన్ ఎక్కిస్తాం. అప్పుడు నీళ్లలో తిరిగే మందుకు చోటు ఇరుకు కావడం పోయి విశాలమవుతుంది. ఆ సమయంలో సగం డోసు ఇస్తే రక్తంలో చాలినంత మందే ఉండదు. కాబట్టి వయసు 90 అయినా, క్రియాటినిన్ 3 అయినా, మొదటి డోసు నిండుగా ఇవ్వాలి. మెరోపెనెమ్ మొదటిది 1 గ్రాము. వాంకోమైసిన్ మొదటిది కిలోకు 25 మిల్లీగ్రాములు, మన 42 కిలోల మనిషికి సుమారు 1 గ్రాము. తర్వాతి నుంచి సర్దుబాటు.

ఇక అమికాసిన్. ఈ మందు ఎంత ఎత్తుకు చేరితే అంత బాగా చంపుతుంది. కింద ఎంతసేపు మిగిలి ఉంటే చెవినీ కిడ్నీనీ అంత పాడు చేస్తుంది. 250 రెండుసార్లు ఇస్తే ఎత్తూ రాదు, కిందికీ దిగదు. సూక్ష్మజీవి చావదు, చెవి పోతుంది. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 42 కిలోలకు 630, ఒకేసారి, అరగంట నుంచి గంట పాటు ఎక్కించి, తర్వాతిదానికి ముందు రక్తంలో మిగిలిన మట్టం చూడాలి. కిడ్నీ 32 ఉన్నప్పుడు వ్యవధి 48 గంటల దాకా పోవచ్చు. మట్టం చూసే వసతి లేకపోతే ఒక్క డోసుతో ఆపి వేరే మందుకు మారడం మేలు. చెవి నరం దెబ్బ తింటే తిరిగి రాదు, కొన్నిసార్లు సూదులు ఆపేశాక కూడా ముదురుతుంది. ముందు కనబడేది చెవుల్లో హోరు, లేచి నిలబడితే తూలడం. "ముసలితనం, తూలుతున్నది" అని వదిలేస్తారు.

పెనిసిలిన్, సెఫలోస్పోరిన్, మెరోపెనెమ్ జాతి దీనికి తలకిందులు. వాటికి ఎత్తు ముఖ్యం కాదు, మట్టం ఎంతసేపు నిలబడిందన్నది ముఖ్యం. కిడ్నీ నెమ్మదించిన వృద్ధుల్లో అది దానంతటదే నిలబడుతుంది, కాబట్టి డోసుల మధ్య ఎడం పెంచొచ్చు. మెరోపెనెమ్ 26 నుంచి 50 మధ్య 1 గ్రాము 12 గంటలకు, 10 నుంచి 25 మధ్య అర గ్రాము 12 గంటలకు.

నెఫ్రో_వరంగల్
దీనికి ఒక సవరణ. చేరిన రోజు క్రియాటినిన్ పెరిగి ఉంటే, అది ఎండదెబ్బకో విరేచనాలకో పెరిగిందైతే, నీళ్లు ఎక్కించాక రెండు రోజుల్లో చాలామందిలో దిగుతుంది. మెరోపెనెమ్, పిపెరాసిలిన్ లాంటివాటిని మొదటి 48 గంటల్లో తొందరపడి తగ్గించకండి. అమికాసిన్, కొలిస్టిన్ విషయంలో ఈ ఉదారత పనికిరాదు.

ఐసీయూ_సిస్టర్
వార్డు పనుల ఎక్కడ జారుతదో చెప్త.

బరువు. కేస్ షీటు మీద 50, 60 అని గుండుగా రాసి ఉంటది. లేవలేని మనిషిని వీల్‌చైర్‌తో కలిపి తూచి, ఖాళీ చైర్ బరువు తీసెయ్యాలె. 42ను 60 అనుకుంటే పైన లెక్కల 32 కాస్త 45 అయితది.

మెరోపెనెమ్ కలిపి పక్కకు పెట్టొద్దు. ముఖ్యంగ ఏసీ లేని వార్డుల ఎండకాలం, కలిపిన వెంటనే ఎక్కించాలె. వాంకోమైసిన్ 1 గ్రాము కనీసం గంట సేపు పోవాలె. గబగబా పోతే మెడ, ముఖం ఎర్రగైతది, దురద పెడుతది, బీపీ పడుతది. ముసలోళ్లల్ల ఆ బీపీ పడుడు తట్టుకోరు.

ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడే మనిషికి మెరోపెనెమ్ మొదలుపెడితే ఒకటి రెండు రోజులల్లనే వాల్‌ప్రోయేట్ మట్టం కుప్పకూలుతది. దాని డోసు పెంచినా లాభం లేదు. మందు చార్టు చూసేకాడనే డాక్టర్‌కు చెప్పాలె.

ఇంకొకటి చాలా ముఖ్యం. సెఫిపైమ్ మీదున్న పెద్దమనిషి మొదటి మూడు రోజులు మంచిగనే మాట్లాడి, నాలుగో రోజో ఐదో రోజో పొంతనలేని మాటలు, చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగురుడు, పిలిస్తే పలకకపోవుడు మొదలైతే జ్వరం తలకెక్కింది అనుకోవద్దు. మందు పేరుకపోయింది అనుకోవాలె, క్రియాటినిన్ పంపాలె, ఈఈజీ (మెదడు కరెంటు పరీక్ష) అడగాలె. బయటికి కనబడని ఫిట్స్ ఉండొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2012లనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

మెడిసిన్_కరీంనగర్
సిస్టర్ చెప్పినదానికి జత: మూత్రంలో మంట, జ్వరం లేకుండా ఉత్త అయోమయం ఉంటే, మూత్రపరీక్షలో చీముకణాలు కనబడ్డాయని మళ్లీ యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తారు. వృద్ధ స్త్రీలలో, గొట్టం వేసి ఉన్నవాళ్లలో ఏ జబ్బూ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం మామూలు. దానికి మందు అక్కర్లేదు. ముందు నీళ్లు, సోడియం, షుగర్, మలబద్ధకం, కొత్త మందులు చూడండి.

హన్మకొండ_ఫార్మసిస్ట్
పాత మందులతోని కొట్లాట మీద ఎవరూ రాయలే, నేను రాస్త. షాపుల పట్టుకోగలిగేవి ఇవే.

గ్లిమిపిరైడ్ లేకపోతే గ్లిబెన్‌క్లమైడ్ ఉన్నకాడ లివోఫ్లాక్సాసిన్, కోట్రైమోక్సజోల్, క్లారిత్రోమైసిన్ ఏది వచ్చినా షుగర్ పడిపోయే ప్రమాదం. జ్వరంతోని తిండి తినని మనిషికి ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున చెమటలు పట్టి లేవకపోతే ముందు షుగర్ చూడాలె. ఫ్లోరోక్వినోలోన్‌లతోని షుగర్ మరీ పడిపోయి కోమాదాకా పోవచ్చని ఎఫ్‌డీఏ 2018ల లేబుల్ల గట్టిగ రాయించింది. గాటిఫ్లాక్సాసిన్ గోలీలను మన దేశంల 2011ల నిషేధించిందే షుగర్ గొడవతోని.

టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు ఉన్నకాడ కోట్రైమోక్సజోల్ ఇస్తే పొటాషియం ఎగురుతది. 3 నుంచి 5 రోజులల్ల పరీక్ష లేకుండ ఆ జోడి ఇయ్యొద్దు.

అసినోకౌమరాల్, వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే గోలీలు) వాడేటోళ్లకు మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ వస్తే 3, 4 రోజులకే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు పరీక్ష) చూపించుమని చీటీ వెనుక రాసి ఇయ్యాలె.

ఆయాసానికో కీళ్లకో స్టెరాయిడ్ గోలీలు మింగేటోళ్లకు 60 దాటినంక లివో, సిప్రో ఇస్తే మడమ వెనుక కండరాన్ని ఎముకకు కట్టే తాడు (టెండన్) తెగే ప్రమాదం. 2008 నుంచి అమెరికా లేబుల్ల పెట్టె గీసి పెట్టిన హెచ్చరిక ఇది. మడమ నొప్పి మొదలైతే ఆ రోజే గోలి ఆపాలె, కాలికి పని చెప్పొద్దు. నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తే ఇంకో చిక్కు: నొప్పిగోలీలు క్వినోలోన్‌తోని కలిస్తే ఫిట్స్ రావొచ్చు.

మింగే తీరు కూడ. సిప్రో, లివో, డాక్సీసైక్లిన్‌ను కాల్షియం గోలి, ఐరన్ గోలి, గ్యాస్‌కు తాగే తెల్లమందుతోని కలిపి ఇస్తే అవి కడుపులనే ముడిపడి రక్తంలకు పోవు. సిప్రో అయితే వాటికి 2 గంటల ముందన్న, 6 గంటల తర్వాతన్న వెయ్యాలె. పాలతోని, మజ్జిగతోని వేసుకోవద్దు. పొద్దున మజ్జిగ కలిపిన అంబలి తాగే అలవాటు ఉన్నోళ్లకు ఇది విడిగ చెప్పాలె, అడగందే చెప్పరు. సెఫ్యురాక్సిమ్, సెఫ్పోడాక్సిమ్ గోలీలకు ఉల్టా: పాంటప్రజోల్ వేసుకుంటే కడుపుల ఆమ్లం తగ్గి సరిగ ఎక్కవు, తిన్నంకనే వెయ్యాలె.

డాక్సీసైక్లిన్ కిడ్నీకి సర్దనక్కర్లేని మందు, మంచిదే. కాని పండుకునే ముందు గుక్కెడు నీళ్లతోని మింగితే గొంతుగొట్టంల ఇరుక్కుని పుండు పడుతది. నిండు గ్లాసు నీళ్లు, అరగంట కూర్చోవాలె.

ములుగు_పీహెచ్‌సీ
నైట్రోఫ్యురాంటోయిన్ సంగతి చెప్పండి. కిడ్నీ అంకె 60 లోపు ఉంటే వద్దని ఒకరంటరు, ఒకరు 45, ఒకరు 30. మా కాడ మూత్రం మంటకు చేతికందే గోలి అదే.

నెఫ్రో_వరంగల్
అమెరికా వృద్ధుల మందుల జాబితా, బీర్స్ జాబితా, 2015లో హద్దును 60 నుంచి 30కి దించింది. బ్రిటన్‌లో 45 లోపు వద్దంటారు, అయితే 30 నుంచి 44 మధ్య వేరే దారి లేనప్పుడు కొద్దిరోజులకు ఒప్పుకుంటారు. కిడ్నీ తగ్గినప్పుడు ఈ మందు మూత్రంలోకి చాలినంత చేరదు, పని చేయదు. రక్తంలో మిగిలి నరాలను పాడు చేస్తుంది. షుగర్‌తో అప్పటికే అరికాళ్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లకు 45 లోపు ఉంటే నేను ఇవ్వను. మిగతావాళ్లకు 30 దాటితే 100 మిల్లీగ్రాముల నెమ్మదిగా కరిగేది రోజుకు రెండుసార్లు, తిన్నాక, 5 రోజులు. నెలల తరబడి రాత్రిపూట ఒకటి అని సాగదీయకండి. దగ్గు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల మీద పడిందేమో చూడాలి.

ఒక్కటి మరవొద్దు: ఇది మూత్రాశయానికే. చలిజ్వరం, నడుముపక్క నొప్పి ఉంటే కిడ్నీకి పాకినట్టే, అప్పుడు ఇది పనికిరాదు. ఫోస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ప్యాకెట్ కూడా అంతే, మూత్రాశయం దాకే.

మెడిసిన్_కరీంనగర్
నెఫ్రో సార్ హద్దు నాకు కొంచెం కఠినంగా అనిపిస్తుంది. 40 ఉన్న మనిషికి, మిగతా గోలీలన్నీ రెసిస్టెంట్ (పనిచేయవు) అని కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) వస్తే, తిమ్మిర్లున్నా 5 రోజుల కోర్సు ఇచ్చి చూడడం అడ్మిట్ చేసి సూదులు పొడవడం కంటే నయం.

నెఫ్రో_వరంగల్
కల్చర్ చేతిలో ఉంటే సరే. నా అభ్యంతరం కల్చర్ లేకుండా ఇవ్వడం మీద.

క్లినికల్_ఫార్మకాలజీ
కాలేయం వైపు రెండు మాటలు. కో-అమోక్సిక్లావ్‌తో వచ్చే కామెర్లు వయసు మీరినవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో ఎక్కువ. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా రావచ్చు కాబట్టి "గత నెలలో ఏ గోలి వాడారు" అని అడగకపోతే దొరకదు. క్రియాటినిన్ క్లియరెన్స్ 30 లోపు ఉంటే 1000 మిల్లీగ్రాముల గోలి వాడకూడదు, 625ను 12 గంటలకు ఒకటి ఇవ్వాలి.

క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కాలేయంలో కొన్ని మందులు విరిగే దారిని మూసేస్తాయి. ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు బీపీ పడిపోతుంది, అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లకు కండరం కరుగుతుంది, గుండెమందు డిగాక్సిన్‌ను ఒంట్లోంచి బయటికి నెట్టే వేరే దారిని కూడా ఇవి అడ్డుకుంటాయి, అది విషమవుతుంది. అజిత్రోమైసిన్ ఆ దారిని పెద్దగా మూయదు. కానీ నీటిగోలితో పొటాషియం తగ్గిన మనిషికి, వాంతులకు ఆండాన్‌సెట్రాన్ కూడా ఇస్తుంటే, గుండె లయ తప్పొచ్చు. ఈసీజీ తీసి మొదలుపెట్టండి.

లినెజోలిడ్ 10 రోజులు దాటితే, కిడ్నీ తగ్గి ఉంటే ఇంకా ముందే, ప్లేట్‌లెట్లు పడతాయి. వారానికొకసారి రక్తం చూడాలి. డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ వాడుతున్నారేమో కూడా అడగాలి, రెండూ కలిస్తే ప్రమాదం.

హన్మకొండ_ఫార్మసిస్ట్
మరి మొదట చెప్పిన మనిషికి, 76 ఏండ్లు, 42 కిలోలు, చలిజ్వరం, నడుముపక్క నొప్పి. ఏం రాస్తరు సార్?

నెఫ్రో_వరంగల్
మందు వేసే ముందు మూత్రం కల్చర్, జ్వరం 101 దాటితే రక్తం కల్చర్ కూడా. సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము రోజుకొకసారి. సగం కిడ్నీ నుంచి, సగం పిత్తం నుంచి పోతుంది కాబట్టి 32కు సర్దాల్సిన పని లేదు. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది, అదే లైన్‌లో కలిపి ఎక్కించకండి. డైక్లోఫెనాక్ ఆపాలి, జ్వరానికి పారాసిటమాల్ 500. వాంతులుంటే, బీపీ తక్కువుంటే టెల్మిసార్టన్ ఆ నాలుగు రోజులు ఆపాలి. తినకపోతే గ్లిమిపిరైడ్ వేయకూడదు. 48 గంటలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ.

బీపీ పడి ఉంటే, లేదా గత మూడు నెలల్లో ఆస్పత్రిలో ఉండి వచ్చిన మనిషైతే సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై అని అనుమానించి ముందే కార్బపెనెమ్‌కు (మెరోపెనెమ్ జాతి మందు) పోతాను. ఎర్టాపెనెమ్ 30 దాటితే 1 గ్రాము, 30 లోపు అర గ్రాము. మన అంకె సరిగ్గా గీత మీద ఉంది. మొదటిరోజు 1 గ్రాము ఇచ్చి, 48 గంటల క్రియాటినిన్ చూశాకే తర్వాతిది తేల్చాలి.

ల్యాబ్_జగిత్యాల
కల్చర్ నమూనా గురించి: మధ్యధార మూత్రం, శుభ్రమైన డబ్బాలో, రెండు గంటల్లోపు ల్యాబ్‌కు రావాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, 24 గంటల దాకా. ఎండలో బండి డిక్కీలో మూడు గంటలు తిరిగిన డబ్బాలో ఏ సూక్ష్మజీవి పెరిగిందో చెప్పినా అది మనిషిది కాదు. గొట్టం ఉన్నవాళ్లకు సంచిలోంచి తీయొద్దు, కొత్త గొట్టం వేసి దాని నుంచి తీయండి.

హన్మకొండ_ఫార్మసిస్ట్
ఇగ నాది ఒక్కటే విన్నపం చీటీ రాసేటోళ్లకు. లివో, మెరోపెనెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1ల (అమ్మితే రాసి పెట్టాల్సిన మందుల జాబితా) ఉన్నయి, 2014 నుంచి వాటికి రిజిస్టర్ రాసి మూడేండ్లు దాస్తున్నం. పేరు, డాక్టర్ పేరు, ఎన్ని గోలీలు, అన్నీ రాస్తం. చీటీ మీద వయసు పక్కన బరువు, క్రియాటినిన్, అది ఏ తేదీదో రాసి ఉంటే లెక్క అక్కడికక్కడే కట్టి ఫోన్ చేస్తం.

మెడిసిన్_కరీంనగర్
రేపటి నుంచి ఓపీ చీటీ మీద ఆ మూడింటికీ గడి కొట్టిస్తాను.